బెన్హామ్ చక్రం: ఫ్యానుకు వచ్చే రంగు స్క్రీనుకు రాదేం?

బెన్హామ్ చక్రాన్ని స్క్రీనుమీద తిప్పి చూస్తున్నా, రాత్రి మళ్లీ బూడిదే! సగం నలుపు, తెల్ల సగంలో నాలుగు వరుసల్లో 45 డిగ్రీల మేర వంపు గీతలు. చార్లెస్ బెన్హామ్ 1894లో బొమ్మగా తెచ్చిన బొంగరం ఇదే. తిప్పితే నల్లగీతలు ఎర్రగా, నీలంగా కనబడాలి. అట్టమీద గీసి సీలింగ్ ఫ్యాను కింది కప్పుకు అంటిస్తే పగటి వెలుగులో మంచిగ కనబడ్డయి. నిండు వేగంలో నిమిషానికి సుమారు 350 చుట్లు, సెకనుకు ఆరు లెక్క. అంటే బొమ్మలో లోపం లేదు.

పీ5.జేఎస్‌లో (బ్రౌజర్లో బొమ్మలు గీసే కోడింగ్ లైబ్రరీ) అదే ఆరు పెడితే 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 ఫ్రేములు చూపే స్క్రీనుమీద చుట్టుకు 10 ఫ్రేములు, ఫ్రేముకు 36 డిగ్రీలు. 45 డిగ్రీల గీత ఒకచోట ఒక ఫ్రేము, ఇంకోచోట రెండు ఫ్రేములు నిలుస్తోంది. 7.5కు మార్చా: చుట్టుకు ఎనిమిదే ఫ్రేములు, ఒక్కో గీతకు సరిగ్గా 16.7 మిల్లీసెకన్లు. లెక్క కుదిరింది, రంగు కుదరలే. మేనకోడలు చూసి "మామా, ఏం ఎరుపు? బూడిద లెక్కనే ఉన్నది" అంది.

ఫోన్లో 240 ఫ్రేముల స్లోమోషన్ తీశా. స్క్రీనుమీది ప్రతి ఫ్రేమూ నాలుగుసార్లు పడాలి. అక్కడక్కడ ఎనిమిది పడింది. ఎనిమిది బొమ్మలూ ముందే గీసిపెట్టి మార్చుకుంటూ పోతే ఆ తడబాటు పోయింది. అయినా బూడిదే. మళ్లీ చూస్తే ఆ నాలుగింట్లో మొదటి రెండూ మసక: ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెలుపు నుంచి నలుపుకు దిగేసరికే గీత సమయం సగం పోతోంది. నా అనుమానం దీనిమీదే. చుక్కచుక్కా తానే వెలిగి వెంటనే ఆరే అమోలెడ్ తెర ఫోన్లో లోపలి గీతలకు కొంచెం గోధుమరంగు వచ్చింది, ఫ్యానంత కాదు. బహుశా 45 డిగ్రీల గెంతు కూడా ఎక్కువే.

దేవరకొండలో తెలిసినవాళ్ల డీఎల్‌పీ ప్రొజెక్టర్‌పై వేస్తే పిల్లలు రంగులని ఒకటే కేకలు. తిరిగే దిశ మార్చా. ఎరుపు, నీలం చోట్లు మారాలి, మారలే. అవి ప్రొజెక్టర్ లోపల రంగులను ఒకదాని తర్వాత ఒకటి వేసే రంగుచక్రం చిమ్మినవి, కంటివి కావు. ఈ పనికి డీఎల్‌పీ దండగ. పిల్లల కోడింగ్ సాధనం స్క్రాచ్ కూడా అంతే, సెకనుకు 30 ఫ్రేములే.

లిలాక్ చేజర్ అనే ఇంకో కంటిమాయ మాత్రం ఒక్క దెబ్బకు పలికింది: వలయంలో 12 ఊదా చుక్కలు, వరసగా ఒక్కోటి 0.1 సెకను మాయం, నడుమ చూస్తే ఆకుపచ్చ చుక్క పరుగు.

120 హెర్ట్జ్ ఫోన్ దొరికితే 22.5 డిగ్రీల గెంతుతో చూడాలి. ఈలోపు కంటి గుడ్డిచుక్క (కంటిలో ఏమీ కనబడని చోటు) చూపే బొమ్మ మొదలుపెడతా. చూపుకు పక్కన సుమారు 15 డిగ్రీలు, అంటే 30 సెంటీమీటర్ల దూరంలో 8 సెంటీమీటర్లు. అడ్డంగా పట్టిన ఫోన్లో పడుతుంది. స్క్రీన్ల కొలతలు వేరుగా ఉంటాయి కాబట్టి ముందు ఏటీఎం కార్డు ఆనించి స్క్రీనుమీది గీతను దాని అంచుకు జరపమంటా, దాని పొడవు ఎక్కడైనా 85.6 మిల్లీమీటర్లే.