ఆ తల్లి చెమట చూశాడు కృష్ణుడు

స్వమాతుః స్విన్నగాత్రాయా విస్రస్తకబరస్రజః |
దృష్ట్వా పరిశ్రమం కృష్ణః కృపయాసీత్ స్వబంధనే ||

భాగవతం దశమ స్కంధం 9వ అధ్యాయంలో 18వ శ్లోకం ఇది. కన్నయ్యని రోటికి కట్టేసిన కథ మనలో ఎవరికీ కొత్త కాదు. ఏ తాడు తెచ్చినా రెండంగుళాలు తక్కువైంది. ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ ముడేసినా ఆ రెండంగుళాలూ అలాగే మిగిలాయి. చివరికి ఆయనే కట్టుబడ్డాడు. ఆ రెండంగుళాల్లో ఒకటి భక్తుడి ప్రయత్నం, రెండోది భగవంతుడి దయ అని పెద్దలు చెప్పగా ఎన్నోసార్లు విన్నాం. ప్రవచనాల్లో ఎక్కువసేపు ఆగేది కూడా అక్కడే. నా మనసు మాత్రం ఈ శ్లోకం దాటి ముందుకు పోదు. అమ్మకి ఒళ్ళంతా చెమట పట్టింది, కొప్పులో పూలు జారిపోయాయి, ఆ అలసట చూశాడు, జాలిపడ్డాడు. అంతే.

ఆ పూల సంగతి శుకమహర్షి ఈ ఒక్క అధ్యాయంలోనే మూడుసార్లు చెప్పాడు. మొదటి శ్లోకంలో, దాసీలని వేరే పనులకి పురమాయించి యశోదమ్మ తనే పెరుగు చిలకడానికి కూర్చుంది. మూడో శ్లోకానికే మొహం మీద చెమట, జడలోంచి మాలతీ పూలు రాలుతున్నాయి. పదో శ్లోకంలో కర్ర పట్టుకుని పిల్లాడి వెనకాల పరుగు. కొప్పు వదులైపోయి, ఆవిడ ముందుకి పోతుంటే పూలు వెనకాల రాలుతున్నాయి. మళ్ళీ ఈ పద్దెనిమిదో శ్లోకంలో దండంతా జారిపోయింది. ఈ కథ వింటున్న పరీక్షిత్తుకి మిగిలింది ఏడు రోజులు. తక్షకుడనే పాము కాటేసేలోపు తరించాల్సిన రాజు ఆయన. అంత కొద్ది వ్యవధిలో ఒక ఇల్లాలి కొప్పులోంచి రాలిన పూల గురించి మూడుసార్లు చెప్పడానికి శుకుడికి మనసు వచ్చింది. చెప్పక తప్పనంత గొప్పది కాబట్టే చెప్పాడని నేను నమ్ముతాను.

ఇంతకీ ఆ పూలు రాలేలోపు ఆవిడ చేసిందేమిటి? ఇంటి పని. కొడుకు చేసిన చేష్టలే పాటలుగా పాడుకుంటూ పెరుగు చిలికింది. పాలకోసం వచ్చి వాడు కవ్వం పట్టుకుంటే ఒళ్ళో వేసుకుంది. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. కడుపు నిండకుండానే పిల్లాణ్ణి కింద దింపి పరిగెత్తింది. వాడికి కోపం వచ్చింది. ఎర్రటి పెదవి వణుకుతుంటే పళ్ళతో బిగబట్టి, దొంగ ఏడుపు ఏడుస్తూ, రాయి పెట్టి పెరుగు కుండ పగలగొట్టి లోపలికెళ్ళి వెన్న తిన్నాడు. ఆవిడ వచ్చి చూసింది. పగిలిన కుండ ఉంది, పిల్లాడు లేడు. నవ్వింది! శ్లోకంలో స్పష్టంగా ఉంది, ముందు నవ్వింది. ఆ తర్వాతే కర్ర. బోర్లించిన రోలెక్కి కోతులకి వెన్న పెడుతున్నవాడు అమ్మని చూసి దూకి పారిపోయాడు. పట్టుకునేసరికి ఏడుస్తూ, కాటుక కళ్ళు చేత్తో నులుముకుంటూ నిలబడ్డాడు. బిడ్డ భయపడ్డాడని తెలియగానే ఆ తల్లి కర్ర పారేసింది.

నడక వచ్చిన పిల్లాడున్న ఇల్లు ఎవరిదైనా సరే, పొద్దున్న లేచింది మొదలు టిఫిన్లు అయ్యేలోపు ఇదంతా జరిగిపోతుంది. పొంగిన పాలు, పగిలిన గిన్నె, దొంగ ఏడుపు, పరుగు, మొహమంతా కాటుక, చివరికి అమ్మ ఒడి.

మా ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న అధ్యాయం ఇదే. మనవడికి ఏడాదిన్నర. మొన్న కార్తీకంలో ఒక సాయంత్రం కోడలు ఆఫీసు పని ముగించుకుని, కాళ్ళు కడుక్కుని, దీపం పెట్టి గోవింద నామాలు మొదలుపెట్టింది. వాడు తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి కుంకుమ భరిణె బోర్లించాడు. అది తుడుస్తుంటే అక్షింతలు గుప్పెడు నోట్లో పోసుకున్నాడు. ఆ పిల్ల నామం ఆపలేదు. "శ్రీ శ్రీనివాసా గోవిందా" అంటూనే వేలు పెట్టి వాడి నోట్లోంచి ఒక్కో గింజా తీసింది. కుక్కరు విజిల్ వేసింది. వాణ్ణి చంకన వేసుకుని వంటింట్లోకి నడిచింది, నామం ఆగలేదు. స్టవ్వు కట్టేసి తిరిగి వచ్చేసరికి జడలోని కనకాంబరాల మాల వాడి పిడికిట్లో నలిగిపోయి ఉంది. నుదుటి మీద చెమట. నేను వత్తులు చేసుకుంటూ పక్కనే కూర్చుని చూశాను. నాకు పద్దెనిమిదో శ్లోకం ఎదురుగా కనబడింది.

ఆ వారంలోనే వరసకి ఆడపడుచు ఒకావిడ వచ్చి, "పిల్లాడు పుట్టాక మీ కోడలు పూజలు మానేసినట్టుందే వదినా" అంది. పిల్ల తల దించుకుంది. నాకు మనసు చివుక్కుమంది. ఈ శ్లోకం చదివి, అర్థం చెప్పి, ఆ రోజు చూసింది చూసినట్టు చెప్పాను. తర్వాత ఆవిడ ఇంకేమీ అనలేదు. కానీ ఇలా అనేవాళ్ళు ప్రతి కుటుంబంలోనూ ఉన్నారు. చంటిపిల్లల తల్లులు ఎందరో ఆ మాటలు పడి, "నాకు దేవుడి దగ్గర కూర్చునే భాగ్యమే లేదు" అని కుమిలిపోతున్నారు. అమ్మా, ఆ యశోదమ్మ ఆ పొద్దున ఏ ఆసనం మీద కూర్చుంది చెప్పండి? ఆవిడ మహత్తు 20వ శ్లోకంలో ఉంది. ముక్తినిచ్చే ఆ స్వామి దగ్గర ఈ గోపిక పొందిన అనుగ్రహం బ్రహ్మకి దక్కలేదు, శివుడికి దక్కలేదు, ఆయన వక్షస్థలం మీదే ఉండే లక్ష్మీదేవికీ దక్కలేదు. మన పోతన గారు దాన్నే కందంలో పెట్టారు:

చిక్కఁడు సిరికౌఁగిటిలోఁ
జిక్కఁడు సనకాది యోగి చిత్తాబ్జములం
జిక్కఁడు శ్రుతిలతికావళిఁ
జిక్కె నతఁడు లీలఁ దల్లి చేతన్ ఱోలన్

ఇది ఏ తల్లికైనా కంఠతా వచ్చి ఉండాలి. పిల్లాడికి అన్నం పెడుతూ పాడుకోవచ్చు, స్నానం చేయిస్తూ పాడుకోవచ్చు. యశోద పాటలు పాడింది కవ్వం దగ్గరే కదా.

ఇంకొకటి చెప్పాలి, నాకు నిజంగా కోపం వచ్చే సంగతి. విష్ణు సహస్రనామం సాగుతూ ఉంటుంది, అవతల గదిలో చంటివాడి చేతిలో ఫోను. "మధ్యలో కదిలించకుండా ఉంటాడని ఇచ్చాం" అంటారు. వెయ్యి నామాల్లో దామోదర నామం, అంటే పొట్టకి తాడు కట్టించుకున్నవాడి పేరు, చదువుతూ దామోదరుడి వయసు పిల్లాణ్ణి గదిలోంచి పంపేస్తే ఆ చదువు ఎవరికి చేరుతుంది? కొందరు పెద్దవాళ్ళు మడి కట్టుకుని, ఎత్తుకోమని చేతులు చాచిన పసివాణ్ణి "ముట్టుకోకు" అని కసురుతారు. మడి మంచిదే, నేనూ పాటిస్తాను. కానీ కసరడం మడిలో భాగమని ఏ శాస్త్రంలోనూ చదవలేదు. కృష్ణాష్టమి వచ్చిందంటే మరీ బాధ. నిద్రవేళకి లేపి, బిగుతు కిరీటం పెట్టి, మొహానికి రంగు పూసి, ఏడుస్తున్నా వదలకుండా ఫోటోలు. చేతిలో చిన్న కుండ, కుండలో దూది. వెన్న కాదండీ, దూది! కృష్ణుడి వేషం వేసిన పిల్లాడి నోట్లో ఆ పండగ రోజు చిటికెడు వెన్న పెట్టాలని ఎవరికీ తోచకపోతే ఎలా? వేషం మానేసినా ఫరవాలేదు. బియ్యప్పిండిలో వాడి పాదాలే అద్ది గడప నుంచి దేవుడి గూటి దాకా నడిపించండి. అడుగులు వంకరగా పడతాయి, మధ్యలో కూర్చుండిపోతాడు. ముగ్గు చెడిందని దిద్దకండి.

కురుక్షేత్రం ముగిశాక ద్వారకకి బయలుదేరిన కృష్ణుణ్ణి కుంతి ఎలా స్తుతించిందో గుర్తు చేసుకోండి. అంత యుద్ధం చూసిన మనిషికి, ఎన్నో ఆపదల్లోంచి తన బిడ్డల్ని ఆయన గట్టెక్కించగా చూసిన తల్లికి, ఆ క్షణంలో గుర్తొచ్చినవాటిలో ఈ రోటి దగ్గరి పిల్లాడూ ఉన్నాడు. కన్నీళ్ళకి కాటుక చెదిరి, భయంతో మొహం దించుకుని నిలబడ్డ ఆ పసివాడు. భయమే భయపడే నీకు భయమేమిటి, ఆ రూపం నన్ను మోహపెడుతోంది అంది. ఆవిడా ఐదుగుర్ని సాకిన తల్లి. ఆ కాటుక మొహం విలువ ఆవిడకి తెలుసు.

అందుకని చంటిపిల్లల తల్లులకి నా మాట ఒక్కటే. నిమిషం దీపం పెట్టగలిగితే నిమిషమే పెట్టండి. కుంది మాత్రం వాడికి అందని ఎత్తులో ఉండాలి. కర్పూరం డబ్బా ఇంకా పైన ఉండాలి, పొరపాటున మింగితే పసిపిల్లలకి చాలా ప్రమాదం. గంట వాడి చేతికివ్వండి, ఎంతసేపు వాయిస్తే అంతసేపు వాయించనివ్వండి. శ్లోకం మధ్యలో ఆగిపోతే ఆగిపోనివ్వండి, ఆపినవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మిగతాది చదవండి. ఇంట్లో ఉన్న నాన్నలకీ తాతయ్యలకీ బామ్మలకీ కూడా చెబుతున్నాను. సాయంత్రం ఆ పిల్ల చేతిలోంచి వాణ్ణి అందుకోండి, అన్నం మీరు తినిపించండి, పొంగే పాలు మీరు దింపండి. ఆ పిల్ల చెమట తుడుచుకుని, జడ వేసుకుని, పూలు పెట్టుకుని దేవుడి ముందు కాసేపు ఊరికే కూర్చుంటుంది. అప్పుడు కూడా మంత్రం చదువమ్మా అని తొందర పెట్టకండి.