బూజు తొలగింపు శిక్షణ: నా అనుభవం

మా ఆఫీసు భవనంలో మెయింటెనెన్స్ చూసేవాళ్లు బూజు (సాలెగూడు బూజు కాదు, తేమకు గోడల మీద పెరిగే ఫంగస్) పట్టిన చోట చెయ్యి పెట్టాలంటే ముందు శిక్షణ పూర్తి చేయాలని కొత్తగా నిబంధన పెట్టారు. క్లాసులు, మాస్కు ఫిట్ టెస్ట్, ప్రాక్టికల్, ఆఖర్న మౌఖిక పరీక్ష. ఈమధ్యే అవన్నీ ముగించుకుని వచ్చాను. మీలో ఎవరైనా ఇలాంటి దానికి వెళ్లబోతుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

బ్లీచింగ్, బ్రష్షులతో మొదలుపెడతారనుకుని వెళ్లాం. మొదటి క్లాసులో చాలాసేపు వాటి ఊసే రాలేదు. ట్రైనర్ మేడమ్ బోర్డు మీద ఒక భవనం బొమ్మ గీసి, నీళ్లు ఎక్కడెక్కడి నుంచి చేరతాయో మా చేతే చెప్పించారు. పైకప్పు లీకు, పైపు జాయింట్లు అందరూ చెప్పారు. ఏసీ డ్రెయిన్ ట్రే పూడుకుని పొంగడం, చల్లటి పైపు మీద గాలిలోని తేమ నీటిబొట్లుగా పట్టడం, గోడకు ఆనించిన బీరువా వెనక గాలి ఆడకపోవడం మాత్రం ఆవిడ అడిగాకే తట్టాయి. బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని పూర్తిగా లేకుండా చేయడం ఎవరివల్లా కాదు. తిండికి కాగితం, చెక్క, జిప్సం బోర్డు మీది అట్ట, చివరికి దుమ్ము ఉన్నా చాలు. మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే. తడిసిన వాటిని 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెడితే చాలావరకు బూజు పట్టదు. గదిలో సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలిలో తేమ శాతం, 60 శాతం లోపే ఉండాలి, 30 నుంచి 50 మధ్య ఉంటే ఇంకా మంచిది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ స్కూళ్లు, వాణిజ్య భవనాల కోసం 2001లో తెచ్చిన మార్గదర్శిలో ఈ లెక్కలు ఉన్నాయి. మా పాఠాలకు చాలావరకు అదే ఆధారం.

48 గంటలు అన్న మాట నన్ను వదల్లేదు. ఆ గడువు మొదలయ్యేది నీళ్లు పడ్డప్పుడు, మనకు కంప్లైంట్ వచ్చినప్పుడు కాదు. శుక్రవారం సాయంత్రం కారడం మొదలైతే, సోమవారం ఉదయం ఎవరో చూసి ఫోన్ చేసేసరికే గడువు దాటిపోయి ఉంటుంది. అప్పుడిక మనం ఎంత పరిగెత్తినా అది ఆరబెట్టే పని కాదు, తొలగించే పని.

ఆరోగ్యం గురించి చెప్పినప్పుడు అందరం అడిగింది ఒకటే: ఎంత బూజు ఉంటే ప్రమాదం? అంకె దొరకలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో భవనాల్లో చెమ్మ, బూజు గురించి మార్గదర్శకాలు ఇచ్చింది గానీ, ఇంతవరకైతే ఫర్వాలేదు అనే పరిమితి పెట్టలేదు. చెమ్మ ఎడతెగకుండా ఉన్న చోట దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి చెమ్మనే రానివ్వొద్దంది. నల్ల బూజు సంగతేంటని ఒకరు అడిగారు. రంగు చూసి ఏ రకమో చెప్పలేం, కంటికి కనిపిస్తున్నప్పుడు శాంపిల్ తీసి ల్యాబుకు పంపే అవసరం కూడా సాధారణంగా ఉండదు, ఏ రకమైనా తీసేయాల్సిందే అన్నారు మేడమ్. నాకు ఇది సబబుగా అనిపించింది. రిపోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోగా లీకు కారుతూనే ఉంటుంది.

ఫిట్ టెస్ట్‌కు ముందు ఆరోగ్య ప్రశ్నపత్రం నింపించారు. ఆస్తమా ఉన్న ఒకతన్ని తొలగింపు పని నుంచి తప్పించి తనిఖీలు, రికార్డుల వైపు వేశారు. అతను బాధపడ్డాడు. బాధ సహజమే, కానీ ఆ నిర్ణయం సరైందని నా అభిప్రాయం. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. వాళ్లకు కొన్ని బూజులు ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ తెచ్చిపెడతాయి.

ఇక ఫిట్ టెస్ట్. అన్నింటికంటే టెన్షన్ పడింది దీనికే. తల మీద నుంచి పారదర్శకమైన హుడ్ వేసి, ముందున్న రంధ్రంలోంచి చేదు మందు స్ప్రే చేస్తారు. ముందు మాస్కు లేకుండా పలుచటి ద్రావణంతో మనకు చేదు తెలుస్తోందో లేదో చూస్తారు. తర్వాత మాస్కు పెట్టుకుని మామూలుగా, గట్టిగా ఊపిరి పీల్చడం, తల పక్కలకు, పైకి కిందికి తిప్పడం, వంగి లేవడం, ఒక పేరా బయటికి చదవడం చేయాలి. నాకు ఇచ్చిన మొదటి మోడల్‌తో తల తిప్పినంతసేపూ ఏమీ తెలియలేదు. పేరా చదువుతుంటే రెండో వాక్యం దగ్గర నాలుక చివర సన్నగా చేదు తగిలింది. దవడ కదిలినప్పుడు గడ్డం కింద అంచు లేస్తోందన్నమాట. ఇంకో మోడల్ ఇచ్చారు, దాంతో చివరి దాకా చేదు రాలేదు. మాస్కు మీద ఎన్95 అని ఉంటే చాలదు, మన ముఖానికి అతుక్కోవాలి. టెస్ట్‌కు 15 నిమిషాల ముందు నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తినకూడదు, తాగకూడదు. గడ్డం నున్నగా గీసుకుని వెళ్లండి, వెంట్రుకలు అంచు కింద పడితే సీల్ నిలవదు. కళ్లద్దాలు ఉంటే అవి పెట్టుకునే టెస్ట్ చేయించుకోండి. పాసైన మోడల్ నంబరు రాసి ఉంచుకోండి. స్టోర్స్‌లో అది లేదని వేరేది ఇస్తే మళ్లీ టెస్ట్ అడిగే హక్కు మనకుంది, మొహమాటపడొద్దు. ఎన్95 రేణువులను ఆపుతుంది, వాసనను ఆపదు. లోపల ముక్కిన వాసన వచ్చిందని మాస్కు పనిచేయట్లేదనుకోవద్దు.

ప్రాక్టికల్ కోసం ఒక గదిలో జిప్సం బోర్డు గోడ కట్టి, బూజు బదులు యూవీ ల్యాంపు కింద మెరిసే పొడి పూశారు. 10 చదరపు అడుగుల లోపు ఉంటే ఎన్95, పొడవాటి గ్లవుజులు, గాలి రంధ్రాలు లేని గాగుల్స్‌తో మనమే చేయొచ్చు. 10 నుంచి 100 దాకా అయితే చుట్టూ ప్లాస్టిక్ షీటుతో మూయాలి. 100 దాటితే నిపుణుల బృందాన్ని పిలవాలి. మేము మధ్య రకం చేశాం. ఏసీ ఆపి, గాలి వచ్చే గ్రిల్లుకు షీటు వేసి టేపు అంటించాం. అతి సన్నటి రేణువులను కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఫ్యానుతో గాలిని బయటికి లాగుతుంటే షీటు లోపలికి పొంగింది. అలా పొంగిందంటే లోపలి గాలి గదిలోకి రావట్లేదని గుర్తు. దుమ్ము లేవకుండా బోర్డు మీద నీళ్లు తుంపరగా చల్లి, కోసి, సంచిలో పెట్టాం.

ఎక్కువ నేర్పింది ఆ సంచే. లోపలి గాలి పోవాలని సంచిని నొక్కబోతున్న నా జోడీదారును మేడమ్ ఆపి, లైట్లు తీయించి యూవీ ల్యాంపు వేశారు. "ఇప్పుడు మెల్లగా నొక్కండి" అన్నారు. సంచి మూతిలోంచి నీలంగా మెరుస్తూ పొడి సరిగ్గా అతని ముఖం ఎత్తుకు లేచింది. మూతిని మెలితిప్పి, మడిచి, టేపు చుట్టి, సంచి పైభాగాన్ని తడిగుడ్డతో తుడిచి, అప్పుడే షీటు దాటించాలని ఎందుకంటారో ఇంకెవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. షీటు దాటే ముందే గ్లవుజులు, ఒంటి మీది రక్షణ సూటు తీసేసి, మాస్కు మాత్రం బయటికొచ్చాక ఆఖర్న తీయాలి.

బ్లీచ్ గురించి మాత్రం గట్టిగానే చెప్పారు. చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెస్తుంది, కాబట్టి చంపడం కాదు, తీసేయడం ముఖ్యం. గాజు, లోహం లాంటివి డిటర్జెంట్ నీళ్లతో తుడిచి ఆరబెడితే సరిపోతుంది. బూజెక్కిన సీలింగ్ టైల్, జిప్సం బోర్డు లాంటివి పారేయాల్సిందే. బ్లీచ్‌లో అమ్మోనియా గానీ యాసిడ్ గానీ కలిస్తే విషవాయువు వస్తుంది. పాత భవనమైతే కోసే ముందు ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదమైన నార లాంటి ఖనిజం) ఉందేమో తేల్చుకోవాలి.

మౌఖిక పరీక్షలో ఒక స్టోర్‌రూమ్ ఫొటో చూపించారు. తడిసిన టైల్, దాని పక్కనే లైటు. ముందు ఏం చేస్తారని అడిగారు. ఆ సర్క్యూట్ ఆపించి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతుకుతానని చెప్పాను. పాసయ్యాను.

శిక్షణ బాగుంది. కానీ అది తొలగించే మాకే పెట్టారు. తడి మరకను అందరికంటే ముందు చూసేది హౌస్‌కీపింగ్ వాళ్లు. బీరువాల వెనక, సింకుల కింద, టాయిలెట్ మూలల్లో రోజూ తిరిగేది వాళ్లే. వాళ్లను పిలవకుండా 48 గంటల గడువును ఎలా అందుకుంటాం? ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదే రాశాను, మేనేజర్‌ గారితోనూ మాట్లాడాను. ఒప్పుకున్నారు. పగటి షిఫ్టు వాళ్లకు చిన్న క్లాసు పెట్టి, ఎక్కడ చూడాలో, దేన్ని ముట్టుకోకుండా ఫోన్ చేయాలో చెప్పాం. తేమ మీటరు గోడకు ఆనిస్తే అంకె ఎలా మారుతుందో వాళ్ల చేతే చూపించాం. కంప్లైంట్ రిజిస్టర్‌లో "మొదట ఎప్పుడు చూశారు" అనే గడి చేర్చాం. రాత్రి షిఫ్టు వాళ్లకు ఇంకా పెట్టలేదు. వారాంతాల్లో భవనంలో ఉండేది వాళ్లే కాబట్టి, వచ్చే షెడ్యూల్‌లో వాళ్ల పేర్లు చేర్చమని లెటర్ ఇచ్చాను.