మా చెల్లి పేరు మీద బ్యాంకు ఖాతా: నా అనుభవం

నిన్న మా చెల్లి పాస్‌బుక్ చేతికొచ్చింది. మూడు వారాలు పట్టింది. బ్యాంకుకి 5 సార్లు, ఒంగోలుకి ఒకసారి తిరిగాం. ఇంట్లో వైకల్యం ఉన్న మనిషి ఉన్నవాళ్లకి పనికొస్తుందని మర్చిపోకముందే రాస్తున్నా.

మాది టంగుటూరు దగ్గర. చెల్లికి 23 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి). చేతులు బిగుసుకుని ఉంటాయి, మాట ముద్దగా వస్తుంది. బుద్ధికి మాత్రం ఏ లోటూ లేదు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ పాసయింది, ఇంటి జమాఖర్చు తన నోటిమీదే ఉంటుంది. పింఛను 6,000 ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు కాబట్టి ఇన్నాళ్లూ ఖాతా అవసరం పడలేదు. నాన్న పోయాక చూస్తే బీమా పాలసీలో నామినీ తనే. ఆ డబ్బు నామినీ ఖాతాకే వేస్తామన్నారు.

కాగితాల పని తేలిక. ఆధార్, పాన్, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పేది), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), ఫొటోలు. పాన్ లేకపోతే ఆ మాట రాసిచ్చే డిక్లరేషన్ ఫారం ఇవ్వొచ్చు. ఫొటో స్టూడియోకి తీసుకుపోవద్దు, కంగారుకి మెడ ఇంకా వంగిపోతుంది. కుర్చీ వెనక తెల్ల దుప్పటి కట్టి ఇంట్లోనే తీయండి.

వేలిముద్ర మిషన్ దగ్గర ఒక పూట పోయింది. పిడికిలి లాగి విప్పబోతే ఇంకా బిగుస్తుంది. మణికట్టుని మెల్లగా లోపలికి వంచితే వేళ్లు వాటంతటవే వదులవుతాయి. ఎప్పుడూ మూసుండే అరచేతిలో చెమట నిలిచి వేలి చర్మం నానిపోయి ఉంటుంది, గీతలు అందుకే పడవు. పొడిగుడ్డతో అద్ది కాసేపు గాలికి ఆరనివ్వాలి. అయినా మాకు పడలేదు. ఇలాంటప్పుడు ఆధార్ కార్డు మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసో, అసలు కార్డు చూసి నకలు మీద ఆఫీసరు సంతకం పెట్టో గుర్తింపు పూర్తి చేయొచ్చు. రిజర్వు బ్యాంకు కేవైసీ (ఖాతాదారు గుర్తింపు) నిబంధనల్లోనే ఈ దారి ఉంది. మిషన్ ఒప్పుకోలేదంటే లేచి రావద్దు.

ఇక అసలు సంగతి. కౌంటర్లో ఉన్నాయన చెల్లి వంక ఒకసారి చూసి, నాతో, "గార్డియన్ సర్టిఫికెట్ తేండి. లేకపోతే మీ పేరు మీద తీసి డబ్బులు అందులో వేయించుకోండి, ఈమెకెందుకు ఖాతా?" అన్నాడు. చెల్లి పక్కనే చక్రాల కుర్చీలో ఉంది. "నా డబ్బు, నా పేరు మీదే" అంది. "ఏమంటోంది?" అని నన్నడిగాడు. తన్నే అడగండి సార్ అన్నా. అడగలేదు, ఫైలు మూసి పక్కన పెట్టాడు. ఆ రాత్రి తను అన్నం ముట్టలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి గురించి పక్కవాణ్ని అడగడం ఎంత తప్పో ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నేర్పాలి.

సోమవారం ఒంగోలులో కలెక్టరాఫీసు ఉండే ప్రకాశం భవన్‌కి పోయి విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖలో అడిగా. తికమక ఎక్కడుందో అక్కడ తెలిసింది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కిందికి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం వస్తాయి. 18 నిండినవాళ్లకి గార్డియన్ కావాల్సి వస్తే కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ జాబితాలో సెరిబ్రల్ పాల్సీ పేరుందని బ్యాంకువాళ్లు అందరినీ గార్డియన్ కాగితం అడుగుతున్నారు. కానీ కమిటీ ముందు తేల్చాల్సింది ఈ మనిషికి అసలు గార్డియన్ అవసరమా అనేదే. డబ్బు వ్యవహారం సొంతంగా అర్థం చేసుకోలేని బిడ్డ ఉన్నవాళ్లు 'ఫారం-ఎ' (Form A) నింపి ఆ సర్టిఫికెట్ తెచ్చుకోండి. దాంతో బ్యాంకులు ఖాతా తెరవొచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే చెప్పింది, కోర్టు ఆర్డర్ కోసం తిప్పితే ఒప్పుకోవద్దు. బుద్ధి బాగున్న మనిషికి మాత్రం ఆ కాగితం తేవద్దు. ఒకసారి గార్డియన్ పేరు ఎక్కితే సంతకం హక్కు ఆయన చేతికి పోతుంది.

తిరిగొచ్చి చెల్లి చెప్తుంటే నేను అర్జీ రాశా. "నేను మేజర్‌ని, నా వ్యవహారం నాకు తెలుసు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం నా డబ్బు వ్యవహారాలు నేనే చూసుకునే హక్కు నాకుంది. ఖాతా ఇవ్వకపోతే కారణం రాసివ్వండి" అని. రెండు కాపీలు తీసుకుపోయి, ఒకదాని మీద ముట్టినట్టు బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకున్నా. నోటితో కాదన్నవాళ్లు రాసివ్వమంటే ఆగుతారు. మేనేజరు పిలిపించాడు. ఈసారి తననే అడిగాడు, పేరేంది, ఏ డబ్బు, ఎందుకు అని. నిదానంగా అన్నీ చెప్పింది.

సంతకం బదులు కాలి బొటనవేలి ముద్ర వేసింది. చేతులతో సంతకం చేయలేనివాళ్లు కాలి ముద్ర వేయొచ్చని రిజర్వు బ్యాంకు కస్టమర్ సర్వీస్ నిబంధనల్లో ఉంది. ఇద్దరు సాక్షులు కావాలి, ఒకరు బ్యాంకు ఆఫీసరే. రెండోవాళ్లు బ్యాంకుకి తెలిసినవాళ్లయి ఉండాలి, అందుకని ఆ బ్రాంచిలోనే ఖాతా ఉన్న మా వీధి కిరాణా బాబాయిని తీసుకుపోయాం. పరీక్ష అట్ట వెంట ఉండాలి. ఫారం దానికి క్లిప్పు పెట్టి కాలి దగ్గరికి తేవాలి, కాలిని ఫారం మీదికి లాగకూడదు. వేలు తుడిచి, స్టాంపు ప్యాడ్ మీద తేలిగ్గా ఒకసారే ఒత్తి, మడమ కింద చెయ్యి పెట్టి దించాలి. సిరా ఎక్కువైతే నల్లమచ్చ తప్ప గీతలుండవు, మాకు మొదటి ఫారం అట్టాగే పాడైంది. ముద్ర కింద ఏ కాలిదో రాయించండి. సిరా కొబ్బరినూనె గుడ్డతో పోతుంది.

అదే రోజు ఇంకో రెండు కాగితాలిచ్చాం. ఒకటి ఇంటి దగ్గరికే బ్యాంకు సేవ కావాలని. 70 దాటినవాళ్లకీ వికలాంగులకీ అది ఇవ్వాలని 2017 నవంబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది. రెండోది ఆధార్ సీడింగ్ ఫారం. ఖాతాకి ఆధార్ లింకయినంత మాత్రాన సర్కారు డబ్బు పడదు, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర మ్యాప్ కావాలి, అంటే ఆ ఆధార్ నంబరుకి ఈ ఖాతా అని అక్కడ ఎక్కాలి. ఫోన్ నంబరు చెల్లిదే రాశాం, నాది కాదు.

మీ దగ్గర అర్జీ తీసుకుని 30 రోజులైనా కదలకపోతే, ముద్ర ఉన్న కాపీతో, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టండి. ఫోన్ 14448. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు ఇవాళ పొద్దున బీమా ఆఫీసులో ఇచ్చొచ్చాం. ఫారం మీద కాలి ముద్రకి వాళ్లేం అడ్డు చెప్పలేదు.