పంచనామాలో లేని ప్రశ్న

పోయినేడు మా కోనసీమ ఊళ్లో కడుతున్న మేడ గోడ కూలి ఒక కూలీ చనిపోతే, శవ పంచనామాకి పెద్దమనుషుల్లో ఒకడిగా నేనూ సంతకం పెట్టాను. ఒంటిమీద దెబ్బలెక్కడ, ప్రాణం ఎలా పోయినట్టు కనబడుతోంది, అంతవరకే రాశారు. గోడ ఎందుకు కూలిందో ఎవరూ రాయలేదు. ఆయన భార్య అడుగుతున్నది మాత్రం అదే.

అప్పటినుంచి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ సంగతులు చదువుతున్నాను. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో అక్కడ 185 మంది పోయారు. అందులో 115 మంది ఒక్క సీటీవీ (కాంటర్‌బరీ టెలివిజన్ అనే టీవీ చానల్) బిల్డింగ్‌లోనే. చాలామంది ఇంగ్లిష్ నేర్చుకోవడానికి పరాయి దేశాలనుంచి వచ్చిన విద్యార్థులు. అంతకుముందు సెప్టెంబర్‌లో వచ్చిన భూకంపం తర్వాత ఆ బిల్డింగ్‌లో ఉండొచ్చని పచ్చ స్టిక్కర్ అంటించారు! డిజైన్‌లోనే లోపాలున్నాయని, అసలు పర్మిషనే ఇచ్చి ఉండకూడదని అక్కడి ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, తేల్చింది.

చావులకి కారణమేంటో విచారించే అధికారిని అక్కడ కరోనర్ అంటారు, ఆ విచారణ వేరే జరిగింది. కూలాక కూడా శిథిలాల కింద గంటల తరబడి బతికి, ఫోన్లు చేసినవాళ్లున్నారు. వాళ్లని ఎందుకు బయటికి తీయలేకపోయారని రక్షణకు వెళ్లినవాళ్లని పిలిచి అడిగారు. చివరికి 2017లో పోలీసులు ఎవరిమీదా కేసు పెట్టబోమన్నారు. ఆ కుటుంబాలకి అది ఎంత కడుపుకోతో! అయినా బిల్డింగ్ ఎందుకు కూలిందన్నది మాత్రం రాతలో ఉంది.

మన డెల్టాదంతా ఒండ్రు నేల. మెత్తటి నేల భూకంపపు ఊపుని ఇంకా పెంచుతుంది. 1969లో భద్రాచలం దగ్గర భూకంపం వచ్చింది కూడా. మనమేమో చేలూ చెరువులూ పూడ్చి అపార్ట్‌మెంట్లు లేపుతున్నాం. ఏ బిల్డింగ్ కూలి ఎవరు పోయినా సరే, పంచనామాతోపాటు ప్లాను, మట్టి పరీక్ష రిపోర్టు, పర్మిషన్ కాగితం, దానిమీద సంతకం పెట్టినవాళ్ల పేరు ఫైల్లో చేరాల్సిందే.