పెట్టె తలుపు చప్పుడు

ఉదయం కావలిలో ఆరున్నర బస్సెక్కి నెల్లూరు ఆసుపత్రికి చేరేసరికి ఎనిమిది దాటింది. 30 వారాలకే పుట్టిన మా పాపకు ఈ రోజుతో 11 రోజులు నిండాయి. బరువు 1,260 గ్రాములు.

మోచేతుల దాకా చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి నిలుచున్నాను. అంతలో ఎవరో కేస్ షీట్ అట్టను ఇంక్యుబేటర్ పైన, అంటే పాపను వెచ్చగా ఉంచే పెట్టె పైన పెట్టారు. నాకు అది చప్పుడుగానే తోచలేదు గాని, పాప ఉలిక్కిపడి రెండు చేతులూ చాచింది, నుదురు ముడిచింది, మానిటర్‌లో ఆక్సిజన్ అంకె 94 నుంచి 86కు పడిపోయింది. మళ్లీ 93కు రావడానికి నిమిషం పైనే పట్టింది. పెట్టినవారిని తప్పుపట్టలేను, ఎనిమిది మంది బిడ్డలను ఇద్దరు సిస్టర్లు చూసుకుంటున్నారు.

డాక్టరు గారిని అడిగితే ఓపికగా చెప్పారు. కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు బయటి శబ్దాలు ఉమ్మనీటిలోంచి మెత్తబడి చేరతాయని, ఇక్కడ అలారాలూ మాటలూ నేరుగా చెవిన పడతాయని, ఈ నెలల్లో మెదడు ఎదుగుదలకు నిద్ర ఎంతో అవసరం గనుక ప్రతి ఉలికిపాటూ ఆ నిద్రను చెడగొడుతుందని అన్నారు. ఇలాంటి గదుల్లో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1997లోనే సూచించిందట. ప్రాణం నిలబెట్టే గదే బిడ్డను ఇంతగా అలసిపోయేలా చేస్తుందని నాకు ఇంతవరకు తట్టనే లేదు.

మధ్యాహ్నం దీపాలు తగ్గించి, ఇంక్యుబేటర్ మీద దుప్పటి కప్పి, నా భార్య గుండెల మీద పాపను రెండు గంటలు పడుకోబెట్టారు. "అంత చిన్నబిడ్డను పెట్టెలోంచి తీస్తారా నాయనా?" అని అత్తయ్య భయపడింది. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇదని, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచమంటోందని ఆమెకు నచ్చజెప్పాను. కుట్లు నొప్పి పెడుతున్నా నా భార్య కదల్లేదు. ఆ రెండు గంటల్లో అలారం ఒక్కసారే మోగింది.

సాయంత్రం సిస్టర్ నాకు ఇంక్యుబేటర్ పక్కతలుపు మూయడం నేర్పారు: గడియను వేలితో నొక్కిపట్టి, తలుపు పూర్తిగా ఆనిన తరువాతే వదలాలి. నాలుగోసారికి గాని చప్పుడు లేకుండా మూయడం రాలేదు. పాప కళ్లు తెరవలేదు.