నిద్రల్నే లేపే నెత్తినొప్పి

రాత్రి పాలు విరిగినయి, నిద్రల వచ్చే నా తలకాయ నొప్పికి డాక్టర్ తాగమన్న కాఫీ తాగకుంటనే పండుకున్న. గందుకేనో ఏమో రెండు దాటినంక మళ్ల తలకాయ నొప్పితోటి మెలకువొచ్చింది. ఇది పక్కకు తిరిగి పండుకుంటే తగ్గే రకం కాదు, లేచి కూసోవాల్సిందే. నాకైతే కండ్లల్ల నీళ్లు కారుడు, వాంతులు ఏం ఉండయి, ఉత్తగ రెండు దిక్కుల మొద్దు నొప్పి, గంట గంటన్నర సతాయించి దానంతటదే పోతది. హాల్ల లైటేస్తే అత్తమ్మ లేస్తదని వంటింట్ల కూసొని జాకెట్లకు ఉక్సులు కుట్టిన. నాలుగో జాకెట్‌కు వచ్చేసరికి నొప్పి దిగింది, చూస్తే మూడో ఉక్సు తలకిందులు కుట్టి ఉంది, అది ఇప్పి మళ్ల కుట్టుడు ఇంకో పని.

పొద్దుగాల ఎవ్వరికి చెప్పినా నమ్మరు. మొఖం మంచిగనే ఉంటది కదా. అత్తమ్మకైతే దిష్టే, మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసింది, ఘాటుకు ఇంట్ల అందరం దగ్గినం. పక్కింటి వదినె మెడికల్ షాపుల గోలీ అడిగి తెచ్చుకోమంటది. డాక్టర్ మాత్రం గట్టిగ చెప్పిండు, మామూలు నొప్పి గోలీలు నెలల పదిహేను రోజులు అంతకు మించి మింగుకుంట పోతే ఆ గోలీలే కొత్త తలనొప్పి తెస్తయట.

మొదట్ల నేనూ భయపడ్డ, లోపల గడ్డేమన్న ఉందా అని. రాత్రి బీపీ పెరిగినా, నిద్రల ఊపిరాగే జబ్బున్నా గిట్లనే తలకాయ నొస్తదట, అందుకే బీపీ చూసి, గురక పెడ్తదా అని మా ఆయనను అడిగి, ఎంఆర్ఐ తీపిచ్చినంకనే హిప్నిక్ హెడేక్ అన్నడు. నిద్రల్నే వస్తది, మెలకువున్నప్పుడు రాదు, ఎక్కువ యాభై దాటినోళ్లకు. 1988ల రాస్కిన్ అనే అమెరికా డాక్టర్ మొదలు రాసిండట దీని గురించి. మందు అడిగితే, ముందుగాల పండుకునే ముందు చిక్కటి కాఫీ తాగి చూడు అన్నడు! తగ్గకుంటే లిథియం గోలీలు ఉన్నయట గని వాటికి రక్తపరీక్షలు చేపిచ్చుకుంట ఉండాలె, కిడ్నీ, థైరాయిడ్ చూసుకోవాలె, ఆ తిప్పలు ఇప్పుడే ఎందుకన్నడు.

మాది చాయ్ ఇల్లు, కాఫీ అంటే చుట్టాలొస్తెనే. రాత్రి పదింటికి గిలాస పట్టుకొని కూసుంటే మా ఆయన "నిద్రపోయేటోళ్లు తాగేది గిదేనా, పిచ్చిగిట్ల లేసిందానే" అని నవ్వుతడు. కాఫీ తాగితే నిద్ర పడదని లోకమంత అంటది, నాకు మాత్రం కాఫీ తాగిన రాత్రులే తెల్లారేదాక నిద్ర పడుతుంది. అన్ని రాత్రులు కాదు, అబద్ధం ఎందుకు, గని చానావరకు.

ఇయ్యాల షాపుల పని ఒడువలేదు. గడియారం సెంటర్ల ఎండకు అస్తర్ బట్ట కోసం తిరిగి తిరిగి కాళ్లు గుంజినయి, కాళ్లు గుంజితే మాత్రం అందరు నమ్ముతరు, అత్తమ్మ కూడ ఏన్నీళ్లు పెట్టిచ్చింది.

ఐతారం దేవరకొండల పెండ్లి ఉంది, రాత్రి అక్కడ్నే పండుకోవాలె. చిన్నాడబిడ్డ ఇంట్ల అర్ధరాత్రి పూట కాఫీ ఎవరు పెడతరు, నేను అడిగితే గీమెకు గింత షోకేందని అనుకుంటది కావచ్చు, అనుకోనీ. రెండ్రూపాయల కాఫీ పొడి ప్యాకెట్లు నాలుగు హ్యాండ్‌బ్యాగుల ఏసుకున్న, పెండ్లింట్ల ఏన్నీళ్లైతే దొరుకుతయి కదా.