బెజవాడ ఎండ, సూర్యుడి పాత లెక్కలు

మే నెలలో బెజవాడలో ఎవర్ని కదిపినా ఒకటే మాట, "సూర్యుడే వేడెక్కిపోతున్నాడండీ" అని. ఆ మాటని నేను కొట్టిపారేయను, ఎందుకంటే సూర్యుడు నిజంగానే మారతాడు. ఎంత మారతాడన్నదే అసలు ప్రశ్న.

వాతావరణం పైఅంచున, సూర్యుడికి ఎదురుగా ఉన్న చదరపు మీటరుకి దాదాపు 1361 వాట్ల శక్తి అందుతుంది. సుమారు 11 ఏళ్లకోసారి సూర్యుడి మీద మచ్చలు పెరిగి తగ్గుతుంటాయి, మచ్చలు ఎక్కువున్నప్పుడు వెలుగు కూడా కాస్త ఎక్కువే, కానీ ఆ తేడా సుమారు 0.1 శాతం, అంటే దాదాపు ఒక్క వాటు. సముద్రం అంత వేడినీ నెమ్మదిగా లోపలికి తీసుకుంటుంది కాబట్టి భూమి సగటు ఉష్ణోగ్రతలో అది 0.1 డిగ్రీగానే తేలుతుంది. (గుంటూరు వాళ్లకి సూర్యుడితో పాత పరిచయమే. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణం రోజు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగుని విడదీసి చూసింది గుంటూరులోనే. ఇది మన స్కూలు పుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాలతో ఉండాలి.)

ఉపగ్రహాలు ఈ శక్తిని కొలవడం 1978 నుంచే. అంతకుముందు సంగతి చెట్ల వలయాల్లో కార్బన్-14, మంచు పొరల్లో బెరీలియం-10 అనే అరుదైన అణువుల రకాలు చెప్తాయి. సూర్యుడి అయస్కాంత బలం తగ్గితే కాస్మిక్ కిరణాలు (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు) ఎక్కువగా మన వాతావరణంలోకి వచ్చి ఈ రెండూ ఎక్కువ తయారవుతాయి. 1645 నుంచి 1715 దాకా మచ్చలు దాదాపు కనబడలేదు, యూరప్‌లో అవి బాగా చలి రోజులు. కాకపోతే ఆ చలి అంతకుముందే మొదలైంది, అందులో అగ్నిపర్వతాల వాటా కూడా ఉంది.

నన్ను బాగా పట్టేసింది మాత్రం సముద్రం అడుగు బురద. ఉత్తర అట్లాంటిక్‌లో తేలే మంచు గడ్డలు మోసుకొచ్చి జారవిడిచిన రాతి రేణువుల్ని అమెరికా భూశాస్త్రవేత్త జెరార్డ్ బాండ్ బృందం పొర పొరగా లెక్కపెట్టి, సూర్యుడు నీరసించిన కాలాల్లో అవి ఎక్కువని 2001లో చెప్పింది. ఆ రేణువులు మళ్లీ మళ్లీ పెరిగి తగ్గే లయ ఎంత కచ్చితం అన్నదాని మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి. మనకి దగ్గరి కథ అరేబియా సముద్రానిది. నైరుతి గాలి బలంగా వీస్తే ఒమన్ తీరంలో అడుగు చల్లనీరు పైకొస్తుంది, ఆ నీటిలో గ్లోబిజెరినా బులాయిడిస్ అనే సూక్ష్మజీవి విపరీతంగా పెరుగుతుంది, చచ్చాక దాని గుల్లలు అడుగున పేరుకుంటాయి. ఐఐటీ ఖరగ్‌పూర్‌కి చెందిన అనిల్ గుప్తా, సహచరులతో కలిసి ఆ గుల్లల్ని లెక్కపెట్టి, సూర్యుడు మందగించిన రోజుల్లో మన రుతుపవనాలు కూడా తగ్గాయని చూపించారు. 0.1 శాతం తేడాకి వాన ఎలా కదులుతుందంటే, సూర్యుడి అతినీలలోహిత కిరణాల్లో మార్పు అంతకంటే చాలా ఎక్కువ, అది పైన ఓజోన్ పొరని వేడెక్కించి గాలుల దారుల్ని కొద్దిగా జరుపుతుందని ఒక వివరణ.

పెద్ద మార్పు మాత్రం సూర్యుడిది కాదు, మన కక్ష్యది. ఇప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో. సుమారు 10,000 ఏళ్ల కిందట ఎండాకాలంలో దగ్గరగా వచ్చేది, మన వైపు వేసవి ఎండ 7, 8 శాతం ఎక్కువ పడి రుతుపవనాలు జోరుగా ఉండేవి. ఆ ఎండ మెల్లగా తగ్గుతూ వచ్చాక ఏమైందో మన గోదావరి మొగ దగ్గర బంగాళాఖాతం బురదలో ఉంది, అందులో చేరిన ఆకుల మైనాన్ని (ఆకుల మీదుండే పల్చటి మైనపు పూతని) పరీక్షిస్తే సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి పొడి నేలని తట్టుకునే మొక్కలు పెరుగుతూ వచ్చాయని తేలింది.

ఇక ఇప్పటి ఎండ సంగతి. 1980ల నుంచి సూర్యుడి శక్తి పెరగలేదు, భూమి మాత్రం వేడెక్కుతూనే ఉంది. సూర్యుడే కారణమైతే పైన స్ట్రాటో ఆవరణం (ఓజోన్ పొర ఉండే గాలి పొర) కూడా వేడెక్కాలి, కానీ అది చల్లబడుతోంది, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే సరిగ్గా అలాగే జరుగుతుంది.